ముందు దాని బెదురు తీరనివ్వండి!

పిల్లల పుట్టినరోజుకి ప్రాణమున్న కానుక ఇచ్చే ముచ్చట ఈమధ్య మన చిన్న ఊళ్లకూ వచ్చేసింది. ఒకప్పుడు మెదక్‌లాంటి ఊళ్లో పెంపుడు జంతువంటే వాకిట్లో కుక్క, కొట్టంలో బర్రె, పెరట్లో నాలుగు కోళ్లు. పిల్లి సంగతి సరేసరి, దాన్ని మనం పెంచుకోం, అదే మనింటిని పెంచుకుంటుంది! ఇప్పుడు పిల్లల కోరికలు మారాయి. ఫోన్లో వీడియో చూసి 'అమ్మా, నాక్కూడా హామ్‌స్టర్ కావాలి' అంటారు. హైదరాబాదు నుంచి వచ్చే ఏ మేనమామో, బాబాయో అట్టపెట్టెకి నాలుగు చిల్లులు పొడిచి, దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు బస్సులో మోసుకొచ్చి చేతికిస్తాడు. పిల్ల కేరింతలు కొడుతుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ మూగుతారు. పెట్టెలో ఉన్న గుప్పెడంత ప్రాణి మాత్రం ఓ మూలకి నక్కి గజగజా వణుకుతూ ఉంటుంది.

ఆ వణుకు గురించే నాలుగు మాటలు చెప్పాలనిపించింది. 'కొత్త కదా! రెండుసార్లు చేతిలోకి తీసుకుంటే అదే అలవాటవుతుందిలే' అనేస్తాం మనం. భయపడుతున్నదాన్ని పట్టి బిగిస్తే అది కొంతసేపటికి కదలడం మానేస్తుంది. చూశారా, మాలిమి అయిపోయింది అని మురిసిపోతాం. అది మాలిమి కావడమా, గతిలేక లొంగిపోవడమా? ఈ తేడా తెలియకుండా మన పిల్లలు పెరగడం ఆ మూగజీవికీ మంచిది కాదు, రేపు ఆ పిల్లలకీ మంచిది కాదు అని నా అభిప్రాయం.

మా ఇంటికి హామ్‌స్టర్ వచ్చిన రోజున మా అత్తమ్మ ముక్కున వేలేసుకుంది. "పైసలు పెట్టి ఎలుకను కొనుక్కొస్తరా? మనింట్ల పడేటియన్ని పట్టిస్త, అమ్ముకోండ్రి!" అంది. ఆవిడన్నదాంట్లో అబద్ధమేముంది! వినాయకచవితినాడు స్వామివారి వాహనమని మొక్కుతాం, మర్నాడు వంటింట్లో కనిపిస్తే బోను పెడతాం. ఈ హామ్‌స్టర్ ఆ ఎలుకకి దూరపు చుట్టమే. కాకపోతే తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. బంగారురంగు బొచ్చు, నల్లపూసల్లాంటి కళ్లు. బుగ్గల్లోపల భుజాలదాకా సాగే రెండు సంచులుంటాయి. దొరికిన గింజనల్లా వాటిలో కుక్కుకుని పోయి దాచుకుంటుంది. ఎదిగిన సిరియన్ హామ్‌స్టర్ నూరు, నూటయాభై గ్రాములు తూగుతుంది. మరుగుజ్జు రకాలైతే అందులో సగం కూడా ఉండవు.

దీని కథ తెలిస్తే ఎందుకంత బెదురో అర్థమవుతుంది. 1930లో ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త సిరియాలోని అలెప్పో దగ్గర ఒక పొలంలో నేల తవ్వించి, లోతున ఉన్న తల్లి హామ్‌స్టర్‌నీ దాని పిల్లల్నీ పట్టుకున్నాడు. ఆ గలాభాకి హడలిపోయిన తల్లి తన పిల్లల్లో ఒకదాన్ని తానే కొరికి చంపేసింది. బతికి బట్టకట్టిన కొద్ది పిల్లల సంతతిని జెరూసలేంలోని హిబ్రూ విశ్వవిద్యాలయంలో పెంచారు. ఈవేళ ప్రపంచమంతటా ఇళ్లల్లో, ప్రయోగశాలల్లో ఉన్న సిరియన్ హామ్‌స్టర్లు దాదాపుగా ఆ సంతానమే! కుక్క వేల ఏళ్లుగా మనిషి వెంట తిరుగుతోంది. మన మొహం చూసి మన మనసు చదువుతుంది. హామ్‌స్టర్‌కి మనిషితో పరిచయమై ఇంకా నూరేళ్లు నిండలేదు. మనం దానికి మేనమామలమో, గద్దలమో అదెట్లా పోల్చుకుంటుంది చెప్పండి!

గద్ద అని ఊరికే అనలేదు. పొలంలో ఉన్నప్పుడు దానికి చావు వచ్చేది ఎక్కువగా పైనుంచే. గద్దో, గుడ్లగూబో రెక్కలు ముడిచి మీదికి దూకుతుంది. పంజరం మూత తీసి పైనుంచి మనం చేయి దించామంటే దానికి తోచేది అదే. చూపు అంతంతమాత్రం. వాసన, చెవి మాత్రం మహా చురుకు. మన చెవికి అందని సన్నటి చప్పుళ్లు కూడా దానికి వినిపిస్తాయి. ఇక మన ఇళ్ల సంగతి తెలిసిందే కదా! కుక్కర్ విజిల్, మిక్సీ రొద, టీవీ సీరియల్ ఏడుపులు, వినాయక నిమజ్జనానికి గోడలదిరే పాటలు, దీపావళి టపాసులు. పైగా అది పగలంతా పడుకుని పొద్దుగూకాక లేచే జీవి. బడి నుంచి రాగానే పిల్లలు దాన్ని కుదిపి లేపడమంటే మనల్ని రాత్రి రెండింటికి తట్టి లేపి 'కాసేపు ఆడుకుందాం రా' అన్నట్టే. కరిచిందంటే కరవదూ మరి!

ఈ బెదురు మనసుకి సంబంధించిన సంగతే అనుకోకండి. పిల్ల హామ్‌స్టర్లకి తల్లిని వదిలి, అంగడి మారి, ప్రయాణం చేసి వచ్చిన ఒత్తిడిలో విరేచనాలు పట్టుకుంటాయి. తోక దగ్గర తడితడిగా కనిపిస్తుంది. వెంటనే వైద్యం అందకపోతే రెండురోజుల్లో ప్రాణం పోతుంది. మన ఊళ్లల్లో పశువైద్యుల దగ్గరికి ఎక్కువగా వచ్చేవి బర్రెలు, ఎడ్లు, మేకలు. ఈ బుల్లిజీవికి చికిత్స తెలిసిన డాక్టరు కోసం హైదరాబాదు పరుగెత్తాల్సి రావచ్చు. కాబట్టి భయపెట్టకుండా ఉండటమే దానికి మొదటి మందు.

మరి మచ్చిక ఎట్లా చేసుకోవాలి? మొదటి మూడు నాలుగు రోజులు దాని జోలికే పోవద్దు. పంజరాన్ని వంటింటికీ టీవీకీ దూరంగా, ఎండ పడని మూలన పెట్టండి. ఓ పక్క పల్చటి బట్ట కప్పండి. అడుగున కనీసం జానెడు మందాన కాగితపు ముక్కలు పరిస్తే అందులో బొరియ చేసుకుని దాక్కుంటుంది. దాక్కునే చోటున్న ప్రాణికే బయటికొచ్చే ధైర్యం వస్తుంది. మెత్తగా ఉంటుందని దూది మాత్రం పెట్టకండి, పోగులు కాళ్లకి చుట్టుకుంటాయి, మింగితే లోపల అడ్డుపడతాయి. తిండి, నీళ్లు పెట్టేటప్పుడు మెల్లగా ఏదో ఒకటి మాట్లాడండి. మాట అదే, గొంతు అదే, వేళ అదే అయితే 'ఈ గొంతు వస్తే తిండి వస్తుంది, ఆపద రాదు' అని దానికి తెలుస్తుంది.

ఆ తర్వాత సాయంత్రంపూట, అది తనంతట తాను లేచాక, చేయి కడుక్కుని పంజరం అడుగున అరచేయి వెల్లకిలా పెట్టి ఉంచండి. ఉల్లిపాయో, కూరో వాసనొస్తే వేలుని కూడా తిండే అనుకుంటుంది! అరచేతిలో ఒక పొద్దుతిరుగుడు గింజ. అంతే. వేలు కదపొద్దు. మొదటిరోజు రాదు. రెండోరోజు వాసన చూసి పారిపోతుంది. నాలుగోరోజు గింజ లాక్కుని పోతుంది. ఓ రోజు అరచేతిలోనే కూర్చుని తింటుంది. అప్పుడు, అప్పుడు మాత్రమే రెండో చేయి అడ్డుపెట్టి దోసిట్లోకి ఎత్తుకోవాలి. అదీ నేలమీదో, మంచంమీదో కూర్చునే. ఎత్తునుంచి పడితే దాని ఎముకలు తట్టుకోలేవు. కొన్నిటికి వారం పడుతుంది, కొన్నిటికి నెల దాటుతుంది. కొన్ని ఎన్నటికీ చేతికి రావు, దూరం నుంచే చూసుకోవాలి. ఒకవేళ కరిస్తే కొట్టొద్దు, విసిరెయ్యొద్దు. సబ్బునీళ్లతో గాయం కడుక్కుని డాక్టరుకి చూపించుకోవాలి.

మా ఇంట్లో దానికి అందరికంటే ముందు చేరువైంది ఎవరనుకున్నారు? ఎలుకకి పైసలా అని ఈసడించిన మా అత్తమ్మే! మా అమ్మాయికి తొందర, మా వారికి సరదా. అత్తమ్మకి ఆ రెండూ లేవు. సాయంత్రం దీపం పెట్టాక పంజరం పక్కన చాప పరుచుకుని, చిక్కుడుకాయలు గిల్లుకుంటూ తనలో తాను ఏదో మాట్లాడుకునేది. దాన్ని పిలవలేదు, పట్టుకోబోలేదు. పదో రోజునో, పన్నెండో రోజునో ఆమె వేలి చివర్న ఉన్న గింజని అందుకుని అక్కడే కూర్చుని ఒలుచుకు తింది. "నాకు దానితోని ఏం పనిలేదని దానికి ఎరుకైంది" అంది ఆవిడ. ఇంతకంటే చక్కగా మచ్చిక గురించి ఎవరు చెప్పగలరు!

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఓ ఆదివారం మా ఇంటికి చుట్టాలొచ్చారు. అందులో ఒక పెద్దాయన 'ఏదమ్మా, మీ ఎలుకని తీయి చూద్దాం' అన్నాడు. మా అమ్మాయి "అది పడుకుంది. భయపడుతుంది. రాత్రికి లేస్తుంది, అప్పుడు చూద్దురు" అంది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పడమేంటని ఇంకొకావిడ సణిగింది. నేను పిల్లని గదమాయించలేదు. ఎందుకంటే ఆ రోజున అది చెప్పింది హామ్‌స్టర్ తరఫున కావచ్చుగానీ, రేపు తన తరఫున తాను చెప్పుకోవాల్సిన మాట కూడా అదే.

మన ఇళ్లల్లో చూడండి. ఇంటికెవరొస్తే వాళ్లు ఆడపిల్ల బుగ్గ గిల్లుతారు. ఒళ్లోకి లాక్కుంటారు. ముద్దివ్వమంటారు. పిల్ల మెలికలు తిరుగుతూ తల్లి కొంగు చాటుకి పోతుంటే 'సిగ్గు! పో, మామయ్యే కదా' అని మనమే ముందుకి తోస్తాం. ఆ పిల్ల ఒంటి బెదురుని మనం చదవం. చదివినా మర్యాద కోసం మింగేస్తాం. ఆనక ఏదైనా జరగరానిది జరిగితే 'ముందే ఎందుకు చెప్పలేదు' అని ఆ పిల్లనే నిలదీస్తాం. అది చెప్పింది కదమ్మా... ఒంటితో చెప్పింది. వినడం మనకి అలవాటు లేదు. కొత్తకోడలి సంగతీ అంతే. వచ్చిన రోజునుంచే నవ్వాలి, కలిసిపోవాలి. మూలన కూర్చుంటే 'పొగరు'. కొత్తచోట కుదురుకోవడానికి నాలుగురోజులు కావాలన్న మాట గుప్పెడంత హామ్‌స్టర్ విషయంలో ఒప్పుకుంటాం, ఇరవై రెండేళ్ల ఆడపిల్ల విషయంలో ఒప్పుకోం!

భయపడుతున్నదాని దగ్గర చేయి వెనక్కి తీసుకోవడం నేర్చుకున్న పిల్లవాడు రేపు మనిషి దగ్గరా ఆ చేయి వెనక్కి తీసుకుంటాడని నా నమ్మకం. ముఖ్యంగా మగపిల్లలకి ఇది నేర్పాలి. 'నాకు కావాలి' అనిపించడం వేరు, అవతలి ప్రాణికి ఇష్టం కావడం వేరు అని పాఠం చెబితే వాళ్ల చెవికెక్కదు. అరచేతిలో గింజ పెట్టుకుని నాలుగు సాయంత్రాలు కదలకుండా కూర్చుంటే ఒంటికి పడుతుంది.

అలాగని అందరూ హామ్‌స్టర్‌ని కొనుక్కోండని నేను చెప్పడం లేదు. అది చల్లటి రాత్రుల్లో, భూమి లోపల బతికే ప్రాణి. ఇరవై, ఇరవైనాలుగు డిగ్రీల వేడి దానికి సుఖం. ముప్పై దాటితే వడదెబ్బ భయం. మెదక్‌లో ఎండాకాలం నలభై దాటుతుంది, ఆ పైన కరెంటు పోవడం ఉండనే ఉంది. చల్లటి గది ఏర్పాటు చేయలేనివాళ్లు ఆ ముచ్చటని మానుకోవడమే దయ. జతగా ఉంటే బాగుంటుందని రెండు కొనకండి. ఎదిగిన సిరియన్ హామ్‌స్టర్లు ఒకదాన్నొకటి చంపుకునేదాకా కొట్లాడతాయి. ఆడా మగా కలిస్తే పదహారు రోజుల్లో పిల్లలు! ఆయుష్షు రెండు మూడేళ్లే. ఆ మాట కూడా పిల్లలకి మొదటే చెప్పి ఉంచాలి.

కొనే చోటు గురించి కూడా ఒక్క మాట. 2018లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనల్లో కుక్క, పిల్లి, కుందేళ్లతోపాటు హామ్‌స్టర్ పేరు కూడా ఉంది. దుకాణదారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్ ఉందా అని నోరు తెరిచి అడగండి. హామ్‌స్టర్ బదులు రామచిలుక తెస్తామంటే అసలే వద్దు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెట్టడం నేరం.

చివరిగా, ఈ చాకిరీ ఎవరిది? ముచ్చట పిల్లలది, మెప్పు తెచ్చినాయనది, పంజరం కడిగేది మాత్రం అమ్మ! రోజూ నీళ్లు మార్చాలి, తడిసిన కాగితాలు తీసెయ్యాలి. అంతా ఒకేసారి మార్చేస్తే దాని వాసన పోయి మళ్లీ బెదురుతుంది గనుక కొంచెం పాతది ఉంచి కొత్తది వేయాలి. ఇది చిన్న పనే. కానీ ఇలాంటి చిన్నపనులు ఎన్ని కలిస్తే మన రోజు గడుస్తుందో మనకే తెలుసు. అందుకే ఇంట్లోకి ప్రాణిని తెచ్చేముందే పని పంచుకోవాలి. నీళ్లు పాపవి, ఆదివారం శుభ్రం నాన్నది. ఒప్పుకుంటేనే తేవాలి. ఒప్పుకోకపోతే రంగుపెన్సిళ్ల డబ్బా ఇచ్చినా పుట్టినరోజు పుట్టినరోజే!

తెచ్చుకున్నాక మాత్రం ఆ నాలుగురోజులు ఆగండి. పిల్లలు గోల చేస్తారు, చుట్టాలు నవ్వుతారు, చేయనివ్వండి. మనింటికొచ్చిన ప్రాణి మూలన వణుకుతుంటే, ఆ వణుకు తగ్గేదాకా పక్కన కూర్చునే ఓపిక మన ఇళ్లల్లో ఇంకా మిగిలే ఉందనుకుంటాను. ఏమంటారు?