బిడ్డ ఒళ్ళు సాక్ష్యం కాదు

పిల్లలకు నీళ్ళు పోసే సంగతి సాహిత్య పత్రికలో రాయాలా అని మిత్రులు కొందరు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. ఒక తెలుగు మాట తప్పుగా కాగితమెక్కి ఒక బిడ్డను తల్లినుంచి వేరుచేసే దాకా వచ్చింది. ఇది పత్రికకు పట్టని సంగతి అంటే, పత్రికకు పట్టే సంగతులేవో నాకు తెలియదు.

జరిగింది చెబుతాను. పేర్లు చెప్పను, ఊళ్ళు చెప్పను. మన బళ్ళారి జిల్లాలోనే, ఆంధ్ర పొలిమేరకు ఆనుకున్న ఒక పల్లె. రెండేళ్ళ కిందట మొగుణ్ణి విడిచి పుట్టింటికి వచ్చిన ఒక అమ్మాయి, ఆమె తల్లి, ఎనిమిదేళ్ళ పిల్లవాడు. తండ్రి పట్నంలో ఉద్యోగం. ఆదివారం పిల్లవాడు తండ్రి దగ్గర, తక్కిన దినాలు తల్లి దగ్గర. బిడ్డ నాకే కావాలని ఇద్దరూ దావా వేసుకున్నారు. రెండు భాషలూ వచ్చిన రిటైరు అయివారిని కాబట్టి, మాటలు సర్దుబాటు చేసేందుకు నన్ను పిలిచారు.

తండ్రి తరపు కాగితంలో మొదటి ఆరోపణ ఇది: ఆ ఇంట్లో బిడ్డకు వారానికి ఒక్కసారే స్నానం. సాక్ష్యం ఎవరిది? స్వయానా ఆ అవ్వదే. ఆమెను అడిగితే ఆమే ఒప్పుకున్నదట.

ఆమె ఏమన్నదో నాకు తెలుసు. నా ఎదుటే అన్నది. "వారానికొకతూరి తలకు పోస్తా నాయినా" అన్నది. ఈ పత్రిక చదివేవాళ్ళకు అర్థం చెప్పనక్కరలేదు. నీళ్ళు పోసుకోవడం వేరు, తలకు పోసుకోవడం వేరు. ఒకటి రోజూ జరిగేది, రెండోది నూనె రాసి సీకాయతో రుద్ది శనివారమో బుధవారమో జరిగేది. కన్నడంలోనూ ఈ తేడా ఉంది. 'తలె ఎరకొళ్ళోదు' అంటే ఏ కన్నడ అవ్వకైనా తెలుసు. తప్పు కన్నడానిది కాదు. ఆ మాట ఇంగ్లీషు కాగితంలోకి ఎక్కేటప్పుడు తల ఎగిరిపోయింది, స్నానం మిగిలింది. 'వారానికొక స్నానం' అయి కూర్చుంది.

నేను అడ్డం చెప్పాను. "ఏముంది సార్, స్నానమే కదా" అన్నారు. నన్ను కలచివేసింది అది కూడా కాదు. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళు నలుగురున్నారు. బిడ్డ తండ్రి తెలుగులోనే పెరిగినవాడు, ఆ అత్త చేతి తలంటు తాను కూడా పోయించుకున్నవాడు. తప్పు తప్పని అతనికి తెలుసు. నోరు విప్పలేదు. తన బిడ్డ మురికివాడని రాసిన కాగితం తనకు పనికొస్తుందని ఊరుకున్నాడు.

రెండో ఆరోపణ పళ్ళు. పిల్లవాడి ముందరి పళ్ళమీద గోధుమరంగు మరకలు ఉన్నాయి, తల్లి పళ్ళు తోమించడం లేదు అని. తోమిస్తూనే ఉంది, పోవడం లేదు. పళ్ళ డాక్టరు చూసి ఒక్క మాటలో తేల్చాడు. అది తోమితే పోయే మరక కాదు, బోరునీళ్ళలోని ఫ్లోరైడు పెట్టిన మరక. మన జిల్లాకూ, పక్కన అనంతపురానికీ ఇది కొత్త జబ్బు కాదు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించిందే తెలుగునేలమీద, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతంలో. తాగేనీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లిగ్రాము మించకూడదు, వేరే గతి లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చు అని మన ప్రమాణాల సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీళ్ళు తాగే పల్లెలు మనకు ఎన్నో ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ మరక పన్ను బయటికి వచ్చాక పడేది కాదు. చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడు పడేది. ముందరి పళ్ళ పైపూత బిడ్డకు నాలుగైదేళ్ళు వచ్చేలోగానే తయారైపోతుంది. అంటే ఎనిమిదేళ్ళ పిల్లవాడి పంటిమీది మరక ఎప్పటిది? తల్లిదండ్రులు ఒకే కప్పుకింద ఉన్నప్పటిది. ఇద్దరూ ఒకే బోరునీళ్ళు తాగి, బిడ్డకూ తాపిన నాటిది. ఇద్దరిదీ కాని నేరాన్ని, ఒక్కదాని నెత్తిన పెట్టారు.

ఇంత చెప్పి తల్లి పక్షాన వకాల్తా పుచ్చుకున్నాననుకోకండి. ఆమె కాగితమూ చూశాను. తండ్రి ఇంట్లో ఆదివారం స్నానమే ఉండదని అందులో రాసి ఉంది. పిల్లవాణ్ణి అడిగితే చెప్పాడు, "నాన్న కాలువకు పిల్చకపోతాడు సార్. ఈత నేర్పిస్తా ఉన్నాడు" అని. చెప్పేటప్పుడు వాడి ముఖం చూడవలసింది. తుంగభద్ర కాలువ బిడ్డలకు ప్రమాదం అని ఆమె రాసి ఉంటే నేనే సంతకం పెట్టేవాణ్ణి. ఆమె ప్రమాదం అని రాయలేదు, మురికి అని రాసింది. తలలో పేలు అక్కడినుంచే వచ్చాయనీ రాసింది. పేలకు మురికితో పనిలేదు. కడిగిన తలలోనూ ఉంటాయి. తలకు తల ఆనితే ఎక్కుతాయి. బడిలో ఎక్కి ఉండవచ్చు, రెండిళ్ళలో ఎక్కడైనా ఎక్కి ఉండవచ్చు. రెండిళ్ళలోనూ ఒకే వారంలో మందు రాస్తేగానీ పోవు. మాటలు లేని రెండిళ్ళలో పేలే సుఖంగా ఉంటాయి.

మన ఊళ్ళో నాటకానికీ కోర్టుకూ పాత చుట్టరికం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ ముగ్గురూ వకీళ్ళే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. ఏ వేషం ఎక్కడ వేయాలో వాళ్ళకు తెలుసు. ఇప్పుడు తల్లిదండ్రులు కోర్టులోనే వేషం కడుతున్నారు. ఇంట్లో ఏనాడూ బిడ్డ చెవివెనక కడగని తండ్రి కాగితంలో శుభ్రత ఇన్‌స్పెక్టరు అవుతాడు.

ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ నీళ్ళు మోసినది ఎవరు? మా పేటలో కొళాయి రోజూ రాదు. వచ్చిన దినం డ్రములు, బిందెలు, చెంబులు కూడా నింపుకోవాలి. పల్లెలో బోరు దగ్గర వరుస. కట్టెలు పెట్టి కాగులో నీళ్ళు కాచి, బచ్చలింట్లో బిడ్డను కూర్చోబెట్టి, కంట్లో సీకాయ పడకుండా అరచెయ్యి అడ్డంపెట్టి పోసేది ఎవరు? అవ్వ, అమ్మ. వందకు తొంభై ఇళ్ళలో ఈ పని మగవాడిది కాదు. చెయ్యనివాడు చేసేదానికి మార్కులు వేస్తున్నాడు. 'మురికి' అనే మాట మన దేశంలో ఎవరిమీద పడుతూ వచ్చిందో చెప్పనక్కరలేదు. కులంమీద పడింది, పేదరికంమీద పడింది, పల్లెమీద పడింది. విడిపోయిన పెండ్లాంమీద పడడం దానికి కష్టమా?

అట్లని అవ్వలు చేసేదంతా మంచిదని నేను అనను. తలంటేటప్పుడు ముక్కులో, చెవిలో నూనెచుక్కలు వేసే అలవాటు మనకుంది. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి బిడ్డకు న్యుమోనియా తెస్తుందని డాక్టర్లు చెబుతున్నారు. మానాలి. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుంది. మానాలి. పేస్టు బాగుంటుందని బ్రష్షు నిండా వేసి మింగనిచ్చే తండ్రులున్నారు. మూడు నుంచి ఆరేళ్ళ బిడ్డకు బఠాణీగింజంత చాలు, అదీ ఉమ్మించాలి. అసలే ఫ్లోరైడు నీళ్ళు తాగే నేలలో ఇది మరీ ముఖ్యం.

అంటే రెండు కుప్పలు చేసుకోవాలి. ఒక కుప్పలో ఆరోగ్యం. అన్నానికి ముందు, దొడ్డికి పోయి వచ్చాక సబ్బుతో చేతులు కడగడం వాటిలో మొదటిది. ఆ ఒక్కదానివల్లే బిడ్డల విరేచనాలు సుమారు మూడో వంతు తగ్గుతాయి. పళ్ళు రెండుపూటలా తోమడం, తాగేనీళ్ళు చూసుకోవడం, పుండు కడగడం. వీటిలో బేరం లేదు. రెండిళ్ళలోనూ ఒకే తీరుగా ఉండాలి. తగువొస్తే డాక్టరు మాటే మాట.

రెండో కుప్పలో అలవాటు. సున్నిపిండా సబ్బా, సీకాయా షాంపూనా, ఉదయమా సాయంత్రమా, శనివారమా ఆదివారమా, వేణ్ణీళ్ళా చన్నీళ్ళా. వీటిలో ఏదీ బిడ్డను చంపదు. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి తీరు. మన పొలిమేర బిడ్డలు అవ్వతో తెలుగు, వీధిలో కన్నడం ఏ గందరగోళమూ లేకుండా మాట్లాడతారు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, బళ్ళారి మైసూరుకూ పోయాయి. గీత గీసినవాళ్ళు గీసిపోయారు, ఇళ్ళలో రెండు భాషలూ ఉండనే ఉన్నాయి. రెండు భాషలు మోసే బిడ్డ రెండు రకాల స్నానం మోయలేడా? మోయలేనిది ఒక్కటే, ఒక ఇంటి నీళ్ళను ఇంకొక ఇల్లు ఏవగించుకోవడం.

'మరి నిజంగానే బిడ్డను పట్టించుకోని ఇల్లు ఉంటేనో' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పుండ్లు పట్టి, నెలల తరబడి మందు లేక, ఆకలితో ఉన్న బిడ్డను చూస్తే ఊరుకోకూడదు. బిడ్డ ఒంటిమీద తప్పుచెయ్యి పడిందన్న అనుమానం వస్తే అసలే ఊరుకోకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ఉంది, 1098 నంబరు ఉంది. కానీ తండ్రి కూతురికి స్నానం చేయించాడన్న ఒక్క కారణానికే ఆ చట్టాన్ని పావుగా వాడుకోవద్దు. అట్లా వాడిన ప్రతిసారీ, రేపు నిజంగా దెబ్బతిన్న బిడ్డ మాటకు విలువ తగ్గుతుంది. దీనికి మందు బిడ్డ చేతిలోనే ఉంది. ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా బడిలో చేరే నాటికల్లా తన ఒళ్ళు తానే కడుక్కోవడం, తలుపు వేసుకోవడం, వద్దంటే వద్దనడం నేర్పాలి. చెంబు బిడ్డ చేతికిస్తే సగం దావాలు అక్కడే చల్లారతాయి.

చట్టం ఏమీ గుడ్డిది కాదు. అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 చట్టం చెప్పినా, అన్నిటికీ మించింది బిడ్డ క్షేమమే అని అదే చట్టం చెప్పింది. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టం కూడా చూడవచ్చని 1890 చట్టంలోనే ఉంది. బిడ్డలు తల్లిదండ్రుల ఆటబొమ్మలు కారనే భావాన్ని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. ఇద్దరూ కలిసి పెంచే పద్ధతికి చట్టంలో చోటివ్వాలని లా కమిషన్ 2015లో సిఫారసు చేసింది. కుటుంబ న్యాయస్థానం డాక్టరు సాయం, బిడ్డల సంక్షేమం తెలిసినవాళ్ళ సాయం తీసుకోవచ్చని 1984 చట్టం దారి చూపింది. ఆ జాబితాకు నేను ఇంకొక్కటి కలుపుతాను. పొలిమేర జిల్లాల్లో ఒక అవ్వ మాటను కాగితమెక్కించే ముందు, ఆమె భాషలోనే ఆమెకు తిరిగి చదివి వినిపించాలి. ఇది భాషాభిమానం కాదు, కనీస న్యాయం. 'తలకు పోస్తా' అన్న రెండు మాటలు తెలియనివాళ్ళు ఒక బిడ్డ ఎక్కడ పెరగాలో నిర్ణయించకూడదు.

ఆ కాగితంలో తప్పు చివరికి దిద్దారు. దావా మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

మొన్న ఒక ఆదివారం సాయంత్రం ఆ పల్లెకు పోయాను. పిల్లవాడు తండ్రి ఇంటినుంచి వచ్చాడు. గడప తొక్కనీకుండా అవ్వ వాకిట్లోనే నిలబెట్టి, చొక్కా విప్పించి, సిద్ధంగా పెట్టుకున్న బిందెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించింది. మనలో వాకిట్లో నిలబెట్టి నీళ్ళు పోసేది ఎవరికి? చావింటికి పోయి వచ్చినవాళ్ళకు. ఆమె ఆలోచించి చేసింది కాదు, ప్రేమతోనే చేసింది. పిల్లవాడు మాత్రం మాట్లాడకుండా కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. అక్కడ తండ్రి, బిడ్డ రాగానే తల వాసన చూస్తాడట. వాడే చెప్పాడు.

"దీని గురించి అక్కడ చెప్పొద్దు సార్" అన్నాడు వాడు తుడుచుకుంటూ. "అక్కడిది ఇక్కడ చెప్పొద్దు."

ఎనిమిదేళ్ళకు వాడు నేర్చుకున్న శుభ్రత ఇది. తల్లులారా, తండ్రులారా, మీ తగువు మీరు తీర్చుకోండి, తీర్చుకోకపోండి. ఆ ఇంటినుంచి వచ్చిన బిడ్డను వాకిట్లో నిలబెట్టి మాత్రం నీళ్ళు పోయకండి. ముందు లోపలికి పిలవండి. అన్నం తిన్నావా అని అడగండి. స్నానం తర్వాత చూసుకోవచ్చు.