చిట్టాకెక్కిన కత్తి

1935 మే 27న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుతో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆర్థిక కార్యక్రమం వెన్ను విరిగినంత పనైంది. జాతీయ పారిశ్రామిక పునరుద్ధరణ చట్టం కింద పరిశ్రమలకు నియమావళులు రాసే అధికారాన్ని అధ్యక్షుడికి కట్టబెట్టడం చెల్లదని తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒకే మాటగా చెప్పారు. ఆ కేసులో ప్రభుత్వానికి ఎదురు నిలిచినవాళ్ళు బ్రూక్లిన్‌లో కోళ్ళు టోకున అమ్ముకునే అన్నదమ్ములు. వాళ్ళ ఇంటిపేరు షెక్టర్. యూదు ధర్మశాస్త్రం ప్రకారం పశుపక్ష్యాదులను కోసేవాడని యిడ్డిష్ భాషలో దాని అర్థం. తీర్పు పాఠంలోనే మరో సంగతి ఉంది: ఆ కొట్లో కోళ్ళు కోసేవాళ్ళు సోదరులు జీతమిచ్చి పెట్టుకున్న షోఖ్తిములు (ఒక్కడైతే షోఖెత్), అంటే శాస్త్రం చదివి అనుమతి పొందిన కోతగాళ్ళు. కోతగాడనే పేరున్నవాళ్ళు యజమానులయ్యారు, కత్తి వేరే పేరున్నవాళ్ళ చేతిలోకి వెళ్ళింది.

ఇంటిపేరు వినగానే వంశవృత్తి చెప్పేసే అలవాటు మనకూ ఉంది, యూదులకూ ఉంది. వృత్తినామం ఒక వంశం ఏం చేసిందో చెప్పదనీ, ఒక మనిషి ఏం చేస్తుండగా రాజ్యం కంటపడ్డాడో మాత్రమే చెబుతుందనీ షెక్టర్ అనే పేరు నడిచిన దారి చూస్తే తెలుస్తుంది.

షోఖెత్ మాంసం అమ్మేవాడు కాడు. అమ్మకం కసాయి కొట్టువాడి పని. షోఖెత్ సమాజం నియమించుకున్న ఉద్యోగి, మతగురువైన రబ్బీకి ఒక మెట్టు దిగువన ఉండేవాడు. శాస్త్రం చదివి, పరీక్షకు నిలబడి, రబ్బీ చేతి రాతతో అనుమతి పత్రం తెచ్చుకుంటే తప్ప కత్తి పట్టకూడదు. ఖలెఫ్ అనే ఆ కత్తికి మొన ఉండదు. కోతకు ముందూ తరవాతా అంచు పొడవునా గోరూ వేలి కొసా నడిపి చూడాలి. వెంట్రుకవాసి గంటు తగిలినా ఆ కోత పనికిరాదు. మధ్యలో ఆగినా, నొక్కినా, కత్తిని లోపలికి దూర్చినా, గొంతు మీద నిర్ణయించిన చోటు తప్పినా, నాళాలు తెగకుండా పెరుక్కువచ్చినా మాంసం కోషర్ కాదు, అంటే శాస్త్రం ప్రకారం తినదగినది కాదు. కోసిన పశువు ఊపిరితిత్తులు తడిమి చూసి, రోగపు అతుకులు లేవని తేల్చడం కూడా అతని పనే. ఊరు ఏం తినవచ్చో, ఏం తినరాదో ఆ చేతి వేళ్ళు నిర్ణయించేవి. తప్పు తీర్పు చెబితే ఊరంతా దోషపు తిండి తిన్నట్టే. అందుకే మనిషి ఎంత నేర్పరి అన్నదానికన్నా ఎంత దైవభీతి ఉన్నవాడు అన్నదే ముందు చూసేవారు.

ఆ మనిషికి చాలాకాలం ఇంటిపేరు లేదు. తూర్పు యూరప్ యూదుల్లో ఎక్కువమంది ఫలానావాడి కొడుకు ఫలానా. ప్రార్థనకు పిలవడానికీ, పెళ్ళి పత్రానికీ, సమాధి రాతికీ అది చాలు. చాలనిదల్లా రాజ్యానికి. 1787లో ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండో జోసెఫ్ తన ఏలుబడిలోని యూదులందరూ మరుసటి ఏడాది మొదటి రోజు నుంచి స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాలని ఆజ్ఞాపించాడు. రష్యా 1804లో, నెపోలియన్ 1808లో, ప్రష్యా 1812లో అదే బాట పట్టారు. పన్నుకూ పటాలానికీ మనుషులను లెక్కపెట్టాలి. తరం మారగానే పేరు మారిపోతే లెక్క కుదరదు. పేర్లు రాసే గుమాస్తా ముందు నిలబడినవాడు కొన్నిచోట్ల ఊరి పేరు చెప్పాడు, కొన్నిచోట్ల తల్లి పేరు చెప్పాడు, చాలాచోట్ల చేతిలో పని చెప్పాడు.

అలా ఒకే వృత్తి రకరకాల పేర్లతో చిట్టాలకెక్కింది. యిడ్డిష్ రూపం నిలిచినచోట షెక్టర్, స్లావ్ భాషల మాట నిలిచినచోట రెజ్నిక్, హీబ్రూ మాట నిలిచినచోట షోఖెత్ లేదా షోహాత్. కోతా పరీక్షా రెండూ చేసేవాడనే హీబ్రూ మాటల తొలి అక్షరాలు కలిపితే షూబ్. కోత తరవాతి పనిగా తినకూడని కొవ్వునూ నరాలనూ తీసేవాడు మెనాకర్. దీనివల్ల వంశవృక్షాలు గీసేవాళ్ళకు రెండు చిక్కులు. ప్రతి చిన్న పట్నంలోనూ ఒక షోఖెత్ ఉండేవాడు గనక ఇద్దరు షెక్టర్లకు నెత్తుటి బంధుత్వం ఉండనక్కరలేదు. అదే సమయంలో నది అవతల పేరు రాయించుకున్న రెజ్నిక్ సొంత పినతండ్రి కొడుకే కావచ్చు. రష్యా సామ్రాజ్యం, పోలండ్ రాజ్యం, ఆస్ట్రియా ఏలుబడిలోని గలీసియా యూదు ఇంటిపేర్లకు అలెగ్జాండర్ బైడర్ వేరువేరు నిఘంటువులు కూర్చింది ఊరికే కాదు. పేరుతో పాటు జిల్లా తెలియకపోతే ఆ పేరు సగం మూగది.

గుమాస్తాకు షోఖెత్ కొత్తవాడేం కాదు. 1784 నుంచి ఆస్ట్రియా ప్రభుత్వం గలీసియాలో కోషర్ మాంసం మీద పన్ను వసూలు చేసింది. రష్యాలో కొరోబ్కా అనే అలాంటి పన్నును 1844 చట్టం ఒక పద్ధతిలో పెట్టింది. కోత ఎక్కడ జరిగితే అక్కడే డబ్బు. అంతకు ముందే ఆ కత్తి మీద యూదుల్లో యూదులకే తగవు రేగింది. కొత్తగా లేచిన హసీద్ భక్తులు మరింత నునుపుగా సానపట్టిన కత్తులే వాడాలని పట్టుబట్టి, తమ షోఖెత్‌ను తామే పెట్టుకున్నారు. 1772లో బ్రోడీ పట్నం పెద్దలు ప్రకటించిన బహిష్కారంలో ఆ సానకత్తులు కూడా నిషేధానికెక్కాయి. కత్తి పదును మీద వాదన అంటే ఊరి వంటింటి మీద, ఊరి ఖజానా మీద పెత్తనం ఎవరిదన్న వాదన. పనికి అనుమతి ఇచ్చింది సమాజం, పేరు రాయించింది రాజ్యం. షోఖెత్ ఆ ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

ఈ పేరు మోసినవారిలో ప్రపంచం ఎక్కువగా ఎరిగినవాడు సాలమన్ షెక్టర్. రుమేనియాలోని ఫోక్షాన్ ఊళ్ళో 1847లో పుట్టాడు. తండ్రి ఆ ఊరి షోఖెత్, హబాద్ సంప్రదాయ హసీద్. ఇంటిపేరు ఆయన పని నుంచి వచ్చిందే. ఆ ఇంటికి తరతరాలుగా వస్తున్న బిరుదు వేరే ఉంది: హకోహెన్, ఆలయ పురోహిత వంశం. వంశంతో వచ్చినది ప్రార్థనాలయంలో నిలిచిపోయింది. ఒక తరం పని మాత్రం ప్రపంచానికి తెలిసిన పేరైంది. కొడుకు కత్తి పట్టలేదు. వియన్నా, బెర్లిన్‌లలో చదివి, 1882లో ఇంగ్లండు వెళ్ళి, కేంబ్రిడ్జిలో రబ్బీల సాహిత్యం బోధించాడు. 1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల సోదరీమణులు ఈజిప్టు ప్రయాణం నుంచి తెచ్చిన ఒక చిరుగు పత్రాన్ని చూసి, శతాబ్దాలుగా కనిపించకుండా పోయిన బెన్ సీరా అనే ప్రాచీన గ్రంథపు హీబ్రూ మూలంలో ముక్క అని గుర్తుపట్టాడు. ఆ శీతాకాలమే కైరో చేరి, బెన్ ఎజ్రా ప్రార్థనాలయంలోని చీకటి గదిలో వందల ఏళ్ళుగా పోగుపడిన కాగితాలను దుమ్ము మింగుతూ ఏరాడు. కేంబ్రిడ్జికి చేరిన ఆ ముక్కలు లక్షా తొంభై వేలకు పైనే. పెళ్ళి ఒప్పందాలు, అప్పు పత్రాలు, హిందూ మహాసముద్రం మీదుగా మలబారు తీరానికి సరుకులు నడిపిన వర్తకుల ఉత్తరాలు అందులో దొరికాయి. 1902లో ఆయన న్యూయార్కు వెళ్ళి అక్కడి యూదు ధర్మవిద్యాలయానికి అధిపతి అయ్యాడు. కవల సోదరుడు పాలస్తీనాలో రుమేనియా యూదులు కట్టుకున్న జిక్రోన్ యాకోవ్ చేరాడు. ఒక షోఖెత్ ఇంటి ఇద్దరు కొడుకులూ రెండు ఖండాలకు పోయారు.

వాళ్ళ వెనక జనప్రవాహమే కదిలింది. 1881లో రష్యా చక్రవర్తి హత్య తరవాత యూదుల మీద దాడులు మొదలయ్యాయి. రుమేనియా 1866 రాజ్యాంగం క్రైస్తవులు కానివారికి పౌరసత్వం లేదంది. 1900 ప్రాంతంలో అక్కడి యువకులు గుంపులు కట్టి, కాలినడకన రేవు పట్నాల దారి పట్టారు. 1914 లోపు తూర్పు యూరప్ నుంచి అమెరికా చేరిన యూదులు దాదాపు 20 లక్షలు. ఎల్లిస్ దీవిలో అధికారులు పేర్లు మార్చేశారని మనవలు చెప్పుకునే కథ చాలా ప్రచారంలో ఉంది. నిజానికి ఆ అధికారులు ఓడవాళ్ళు యూరప్ రేవులోనే రాసి తెచ్చిన జాబితా చూసి టిక్కు పెట్టుకునేవారు. పేర్లు మారింది ఎక్కువగా తరవాత, పౌరసత్వపు దరఖాస్తుల్లో, దుకాణం బోర్డుల మీద, మనుషులు తామై మార్చుకున్నందువల్ల. షెక్టర్ కొందరికి షాక్టర్ అయింది. యూదు దాత బారన్ హిర్ష్ డబ్బుతో అర్జెంటీనాలో వ్యవసాయ వలసలు వెలిసినచోట స్పానిష్ అక్షరక్రమంలోకి మారి, గొంతులో పలికే ‘ఖ’ కోసం ‘హోటా’ అక్షరం తెచ్చుకుంది. అక్కడ పుట్టిన పిల్లవాడి పేరూ, బ్రూక్లిన్‌లో పుట్టిన పిల్లవాడి పేరూ కాగితం మీద ఒకటిగా కనిపించవు.

ఈలోగా యూరప్ రాజ్యాలు కత్తినే పట్టుకున్నాయి. 1893లో స్విట్జర్లాండ్ ఓటర్లు మైకం కలిగించకుండా పశువును కోయడాన్ని రాజ్యాంగంలోనే నిషేధించారు. హిట్లర్ అధికారానికొచ్చిన మూడు నెలలకే, 1933 ఏప్రిల్ 21న, జర్మనీ అదే పని చేసింది. కరుణ పేరుతో వచ్చిన ఆ చట్టం ఎవరి మీద కరుణతో వచ్చిందో ఆపైన జరిగిన చరిత్ర చెప్పింది. అమెరికాలో షెక్టర్ సోదరుల మీద మోపిన నేరాలు వేరు: జబ్బు కోడిని అమ్మారని, కొనేవాణ్ణి తనకు నచ్చిన కోడిని ఏరుకోనిచ్చారని. గంపలో చెయ్యి పెట్టి ఏది దొరికితే అది తీసుకోవాలని నియమావళి శాసించింది. పక్షిని ఒక్కొక్కటిగా పట్టి చూడటమే కోషర్ అలవాటు. వాదోపవాదాల్లో కోర్టు నవ్వులతో నిండినా, తేలిన ప్రశ్న పాతదే: తినేదాన్ని ఏరే హక్కు ఎవరిది?

ఆ ప్రశ్నను కత్తి లేకుండా అడిగినవాడు జాల్మన్ షాక్టర్. 1924లో గలీసియాలోని జోల్కియెవ్‌లో పుట్టి, వియన్నాలో పెరిగి, ఫ్రాన్సులో నిర్బంధ శిబిరం చూసి 1941లో అమెరికా చేరిన రబ్బీ ఆయన. 1990లో ధర్మశాల వచ్చి దలైలామాతో మాట్లాడిన యూదు బృందంలో ఉన్నాడు. కోతగాడనే పేరును సరితూయడానికి శాంతి పేరిట ‘షాలోమీ’ అని దాని పక్కన చేర్చుకున్నాడు. ‘ఎకో కోషర్’ అన్న మాట పుట్టించింది ఆయనే: శాస్త్రోక్తంగా కోస్తే చాలదు, ఆ తిండి నేలకూ కూలివాడికీ ఏం చేసిందో కూడా చూడాలన్నాడు. వేలికొసతో గంటు వెతికిన పూర్వీకుల పరీక్షను ఆయన కత్తి మీద నుంచి మార్కెట్ మీదికి మార్చాడు.

మన ఇంటిపేర్లలో ఊళ్ళవే ఎక్కువైనా కరణం, మంత్రిప్రగడ లాంటి ఉద్యోగనామాలూ ఉన్నాయి. వాటిని వినగానే కులం లెక్క కట్టేస్తాం. విదేశాలకు వెళ్ళే తెలుగువాళ్ళు పాస్‌పోర్టు గడి నింపేటప్పుడు ముందున్న ఇంటిపేరు వెనక్కి పోతోంది. కొన్ని ఇళ్ళల్లో తండ్రి పేరే పిల్లల ఇంటిపేరుగా స్థిరపడుతోంది. రెండు తరాలు గడిస్తే దాన్నే అనాది వంశనామం అనుకుంటారు. కుటుంబ చరిత్రలూ ఊరి చరిత్రలూ రాసేవాళ్ళు ఇప్పుడు విరివిగా ముందుకు వస్తున్నారు, మంచిదే. వాళ్ళు ఇంటిపేరు అర్థం దగ్గర ఆగిపోకూడదు. ఆ పేరు మొదట ఏ చిట్టాలో, ఏ సంవత్సరంలో కనిపించింది, రాసిందెవరు, ఎవరి అవసరానికి రాశారు అని అడగాలి. ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరకనంతవరకూ ఇంటిపేరును వంశానికి సాక్ష్యంగా పిలవడానికి లేదు.