రంగుల వెనుక చేతులు

మన సాహిత్య, చిత్రకళా విమర్శలో ఒక వింత పట్టిక చెలామణీ అవుతోంది. తెలుపు అంటే శాంతి, నలుపు అంటే దుఃఖం, ఎరుపు అంటే ఆవేశం, నీలం అంటే అనంతం. బొమ్మ ఎదుట నిలబడ్డ విమర్శకుడు జేబులోంచి ఈ పట్టిక తీస్తాడు. రంగుకు ఎదురుగా రాసివున్న అర్థం చదువుతాడు. తన పని అయిపోయిందనుకుంటాడు. కాలేజీల్లో విద్యార్థులు దీన్నే వల్లె వేస్తున్నారు. చూడడానికి ఇది అమాయకంగానే కనిపిస్తుంది. కాని దీని వెనుక ఒక తాత్త్విక దృక్పథం ఉంది. అర్థం రంగులోనే పుట్టుకతో ఉంటుందనీ, దానికి దేశకాలాలతో పనిలేదనీ, మనిషి చేయగలిగిందల్లా దాన్ని గుర్తించడమేననీ ఆ దృక్పథం. ఇది అచ్చమైన భావవాదం. దీన్ని ఒప్పుకుంటే రంగును తయారుచేసినవాడికి కళాచరిత్రలో చోటు లేకుండా పోతుంది. మన అభ్యంతరం అక్కడే.

ముందు ఈ పట్టికలు ఒకదానితో ఒకటి పొసగుతాయేమో చూద్దాం. నాట్యశాస్త్రం రసాలకు రంగులు చెప్పింది. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, రౌద్రానికి ఎరుపు, అద్భుతానికి పసుపు, బీభత్సానికి నీలం. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1911లో కళలోని ఆధ్యాత్మికతను గురించి పుస్తకం రాసి తానూ రంగులకు అర్థాలు చెప్పాడు. ఆయనకు నీలం స్వర్గపు రంగు, పసుపు భూమికి చెందిన రంగు. భరతుడికి జుగుప్స కలిగించే రంగు కాండిన్‌స్కీకి అనంతంవైపు దారి చూపించింది! ఇద్దరి కళ్ళూ మనుషుల కళ్ళే. ఇద్దరూ చూసింది ఒకే నీలం. అర్థం నీలంలోనే ఉంటే ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? చూసేవాడి సమాజం నుంచి వచ్చింది. కాంతి తరంగం ప్రకృతిది. దాని అర్థం మాత్రం చరిత్రది.

ఈ చరిత్ర మన దేశంలో మరీ కఠోరమైనది. మన ప్రాచీనులు రంగుకూ సాంఘిక అంతరువుకూ ఒకే మాట వాడారు: వర్ణం. శాంతిపర్వంలో భృగువు బ్రాహ్మణులది తెలుపు, క్షత్రియులది ఎరుపు, వైశ్యులది పసుపు, శూద్రులది నలుపు అంటాడు. భరద్వాజుడు వెంటనే అడ్డు తగులుతాడు. కామమూ, క్రోధమూ, భయమూ, ఆకలీ, అలసటా మనందరికీ సమానమే అయినప్పుడు వర్ణభేదం ఎలా కుదురుతుందని నిలదీస్తాడు. భృగువు అప్పుడు వెనక్కి తగ్గి, మొదట భేదం లేదనీ, కర్మలవల్ల వచ్చిందనీ సర్దుకుంటాడు. రంగుల పట్టిక మీద ఈ దేశంలో వచ్చిన మంచి విమర్శల్లో భరద్వాజుడి ప్రశ్న ఒకటి. మన విమర్శకులు భృగువు చెప్పిన పట్టికను గుర్తుపెట్టుకుని ఆ ప్రశ్నను మరిచిపోయారు.

మనుస్మృతి మరో అడుగు వేసింది. బట్టలకు రంగు వేసేవాడి అన్నం తినకూడదని నాలుగో అధ్యాయంలో విధించింది. ఆపత్కాలంలో వర్తకం చేసి బతికే బ్రాహ్మణుడు సైతం నీలిమందు, లక్క అమ్మకూడదని పదో అధ్యాయంలో నిషేధించింది. రంగు బట్ట కట్టుకున్నవాడు గౌరవనీయుడు, రంగు వేసినవాడు అంటరానివాడి పక్కన నిలబడవలసినవాడు! రంగుల ‘శాశ్వత సౌందర్యం’ గురించి ఉపన్యసించేవారు ఈ వాక్యాలకు ముందు సమాధానం చెప్పాలి.

శాస్త్రం ఆ చేతుల్ని దూరం పెట్టినా లోకం వాటికోసం సముద్రాలు దాటి వచ్చింది. డచ్చివారు 1606లో, ఇంగ్లీషువారు 1611లో బందరు చేరి కోఠీలు పెట్టింది ఈ తీరపు గుడ్డల కోసమే. ఆ ఎరుపు ఎలా వచ్చేది? తీరప్రాంతపు ఇసుక నేలల్లో దొరికే చిరివేరు నుంచి. బట్టను పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేసి తెల్లబరచాలి. కరక్కాయ కషాయంలో, గేదెపాలలో ముంచాలి. ఎరుపు రావలసినచోట పటిక నీళ్ళతో గీయాలి. చిరివేరుతో ఉడకబెడితే పటిక తగిలినచోటే రంగు పట్టి నిలుస్తుంది. నలుపుకు ఇనుప ముక్కల్ని బెల్లపు నీళ్ళలో పులియబెట్టాలి. నీలం అక్కరలేని చోట్లన్నీ మైనంతో కప్పి నీలితొట్టిలో ముంచాలి. ప్రతి దశకూ ఒక ఉతుకు, ఒక ఎండ. ఇది తరతరాల ప్రయోగాలతో సంపాదించిన రసాయన విజ్ఞానం. ఇదంతా మంటపాలలో కూర్చున్న పండితులు కనిపెట్టింది కాదు. తొట్ల ముందు వంగి నిలబడినవాళ్ళు కనిపెట్టారు.

ఈ విజ్ఞానం ఎలా చేతులు మారిందో చూడండి. కోరమండల్ తీరంలో పనిచేసిన ఫ్రెంచి ఫాదరీ కూర్దూ, క్రైస్తవంలో చేరిన అద్దకం పనివాళ్ళనుంచి వివరాలు రాబట్టి 1742లో యూరపుకు ఉత్తరం రాశాడు. అప్పటికే యూరపు ప్రభుత్వాలు ఈ గుడ్డలంటే బెదిరిపోయి ఉన్నాయి. ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా అద్దకపు గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టమూ, 1721లో ఇంకా కఠినమైన చట్టమూ చేసింది. 1719లో లండన్ నేతపనివాళ్ళు వీధుల్లో ఆడవాళ్ళ ఒంటిమీది చీటిగుడ్డ గౌన్లు చింపివేశారు. అక్కడి పేద నేతగాడికి ఇక్కడి పేద అద్దకంవాడు శత్రువుగా కనిపించాడు. ఇద్దరి మధ్యా లాభం చేసుకున్న వర్తకుడు మాత్రం ఎవరికీ కనిపించలేదు.

1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు ఎర్రరంగుకు మూలమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. మరుసటి ఏటికే అది పేటెంటుగా మారింది. దక్షిణ ఫ్రాన్సులో మంజిష్ఠ పండించే రైతూ, మన తీరంలో చిరివేరు తవ్వే కూలీ ఒకే దెబ్బకు ఉపాధి పోగొట్టుకున్నారు. ఇక్కడ అపార్థం వద్దు. మనం చిరివేరు కాలానికి తిరిగి పొమ్మనడం లేదు. కృత్రిమమైన రంగు చవకయింది. రాజులూ వర్తకులూ మాత్రమే కట్టగలిగిన ఎరుపును పేదపిల్ల పండుగనాడు కట్టుకోగలిగింది. విజ్ఞానానికి మనం వ్యతిరేకులం కాము. ఆ విజ్ఞానం ఎవరి సొత్తు, దాని లాభం ఎవరిది, దాని దెబ్బ ఎవరిమీద పడింది అన్నవే మన ప్రశ్నలు.

నీలం సంగతి ఇంకా రక్తసిక్తమైనది. బెంగాలులో తోటల దొరలు అడ్వాన్సులిచ్చి, రైతుచేత బలవంతంగా వరిపొలంలో నీలిమందు వేయించారు. 1859లో రైతులు తిరగబడి ఇక వేయమన్నారు. 1860లో దీనబంధు మిత్ర ‘నీలదర్పణం’ నాటకం వచ్చింది. దాని ఇంగ్లీషు అనువాదం ప్రచురించినందుకు 1861లో ఫాదరీ జేమ్స్ లాంగ్‌కు నెలరోజుల జైలూ, 1000 రూపాయల జుల్మానా పడ్డాయి. ఒక రంగు గురించి నిజం చెప్పినందుకు శిక్ష! బీహారులోని చంపారన్‌లో రైతు తన పొలంలో 20 కట్టాలకు 3 కట్టాలు నీలిమందు వేసితీరాలనే ‘తీన్‌కఠియా’ సాగింది. 1897లో జర్మన్ కంపెనీ కృత్రిమ నీలిమందును బజారుకు తెచ్చింది. తోటలు కూలాయి. అప్పుడు దొరలు ఏం చేశారు? నీలి పంట నుంచి ‘విముక్తి’ కలిగిస్తున్నామంటూ రైతులనుంచే శిస్తు పెంచి, రొక్కం గుంజి తమ నష్టం పూడ్చుకున్నారు. రంగు బతికినా రైతే చెల్లించాడు, చచ్చినా రైతే చెల్లించాడు. 1917లో గాంధీ చంపారన్ వెళ్ళవలసివచ్చింది ఇందుకే. 1918లో చట్టం చేసి ఆ పద్ధతి రద్దు చేశారు. ఇంత జరిగాక నీలం అనంతానికి చిహ్నమట!

తెలుపు మాత్రం నిర్మలమైనదా? పద్దెనిమిదో శతాబ్దంలో వింకెల్‌మన్ గ్రీకు శిల్పాల తెల్లదనాన్ని సౌందర్యానికి పరాకాష్ఠగా నిలబెట్టాడు. నిజానికి గ్రీకులు తమ శిల్పాలకు ముదురు రంగులు వేసేవారు. కాలం వాటిని చెరిపివేసింది. 1937, 1938లలో బ్రిటిష్ మ్యూజియంలో పార్థెనాన్ శిల్పాలను ఇంకా తెల్లగా కనిపించాలని రాగి పనిముట్లతో గీకారు. ఆ తెలుపు గ్రీకులు ఇచ్చింది కాదు, గీకి తెచ్చింది. మన దేశంలో వితంతువుకు కట్టబెట్టిన తెల్లచీరలో ఏ శాంతి ఉందో పట్టిక రాసినవారు చెప్పాలి.

ఇక ఎర్రజెండా. 1789 అక్టోబరులో ఫ్రెంచి జాతీయసభ చేసిన సైనికశాసనం ప్రకారం జనంమీద బలప్రయోగానికి ముందు ప్రభుత్వమే ఎర్రజెండా ఎత్తాలి. 1791 జూలై 17న పారిస్‌లో షాంప్ ద మార్స్ మైదానంలో ఆ జెండాకిందే ప్రజలమీద కాల్పులు జరిగాయి. అంటే ఎర్రజెండా మొదట పాలకవర్గపు బెదిరింపు. దాన్ని జనం గుంజుకున్నారు. 1848లో పారిస్ కార్మికులు దాన్నే జాతీయపతాకం చేయమన్నారు, లామార్టిన్ అడ్డుపడ్డాడు. 1871లో కమ్యూన్ దాన్ని నగరసభాభవనం మీద ఎగరవేసింది. జెండా రంగు అదే, పట్టుకున్న చెయ్యి మారింది, అర్థం తలకిందులయింది. మన దేశంలో స్మృతికారులు తాకవద్దన్న నీలం అంబేద్కర్ ఉద్యమంలో దళితుల జెండా అయింది. అర్థాలు పుట్టుకతో రావు. పోరాడి సంపాదించుకోవలసినవి అవి.

మన శిబిరంలోవారికీ ఒక మాట చెప్పక తప్పదు. పద్యానికి నాలుగు ‘ఎర్ర’లు అతికించి అభ్యుదయమనుకునే కవులు మనలో ఉన్నారు. వారూ ఆ పట్టికనే నమ్ముతున్నారు. దానిలో ఒక గడి మాత్రమే మార్చారు. పోరాటం లేని ఎరుపు ఉత్త అలంకారం.

మరొకవైపు వర్తకులు కొత్త భావవాదం అమ్ముతున్నారు. ఇవాళ మర అచ్చు గుడ్డకు సైతం కలంకారీ అని పేరుపెట్టి ‘అనాది సంప్రదాయం’ అని ప్రకటనలు వేస్తున్నారు. చేత్తో అచ్చు వేసే పెడన పనివాడు ఆ ధరతో పోటీపడలేకపోతున్నాడు. సంప్రదాయం మీద గౌరవమంతా గుడ్డకే దక్కుతోంది, కూలి అడిగేటప్పటికి పనివాడికి ఏమీ మిగలడం లేదు.

కనుక ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఈ పట్టికను తరగతిగదుల్లోంచి బయట పారవేయాలి. బొమ్మ ముందు నిలబడినప్పుడు ఈ రంగుకు అర్థమేమిటి అని అడిగేముందు మూడు ప్రశ్నలు వేయండి: దీన్ని ఎవరు చేశారు? ఎవరికి దక్కకుండా చేశారు? ఎవరు మూల్యం చెల్లించారు? ఈ మూడింటికీ జవాబు దొరికితే నాలుగోదానికి జవాబు దానంతట అదే వస్తుంది. అవి అడగని విమర్శ ఎంత వర్ణశోభితంగా ఉన్నా గుడ్డిదే.