రుకూలో వీపు, సజ్దాలో మోకాలు

షాలిబండలోని ఒక ఇరుకు సందులో మా ఖాలా ఇల్లు ఉంది. ముందరి గదినంతా మగ్గం చట్రమే ఆక్రమించి ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా ఆమె ఆ చట్రం ముందు నేలమీద కూర్చుని, తల వంచి, పెళ్లి దుస్తులకు జరీ పని చేస్తున్నారు. మొన్న రజబ్ మాసంలో ఒకనాడు అసర్ వేళకు నేను అక్కడే ఉన్నాను. సజ్దా నుండి లేచే ప్రతిసారీ ఆమె చేయి పక్కనున్న మంచపు కోడును వెతుక్కుంటున్నది. రుకూ కూడా సగంలోనే ఆగిపోతున్నది. సలాం తిప్పిన తరువాత అడిగాను.

"ఏమీ లేదు బేటా, మోకాళ్లు కాస్త మొండికేస్తున్నాయి" అన్నారు.

"కుర్చీ వేసుకోరాదా ఖాలా?"

"కుర్చీలో నమాజా? నాకింకా కాళ్లున్నాయి!"

ఏడాదిగా ఆమె ఆ నొప్పిని కోడళ్లకు కూడా తెలియనివ్వలేదట. కుర్చీ వేసుకుంటే ముసలిదైపోయిందని నలుగురూ అనుకుంటారని బిడియం. ఆరాధనలో లోటు చేస్తున్నానేమోనన్న భయం అంతకంటే పెద్దది. ఈ నెల శీర్షికను ఆమె కోసమే రాస్తున్నాను.

పాతబస్తీలో వంగి చేసే పనులే ఎక్కువ. లాడ్ బజారుకు లక్క గాజులు చేసేవారు బొగ్గుల కుంపటి ముందు గంటల తరబడి కూర్చుంటారు. ఆటో నడిపేవారి నడుము గతుకులకు అలవాటు పడిపోయింది. ఇంటిల్లిపాదికీ నేలమీద కూర్చుని వండి వడ్డించే తల్లుల సంగతి చెప్పనే అక్కరలేదు. ఇలాంటి శరీరానికి పగలంతటిలో భంగిమ మార్చుకునే అవకాశం చాలాసార్లు నమాజు వేళల్లోనే దొరుకుతుంది. లెక్క చూడండి. రోజుకు ఫర్జ్ రకాతులు 17. అంటే 17 రుకూలు, 34 సజ్దాలు. సున్నతె ముఅక్కదా 12, విత్ర్ 3 కలిపితే 32 రకాతులు, 64 సజ్దాలు. రమజానులో 20 రకాతుల తరావీహ్ చదివేవారికి మరో 40 సజ్దాలు చేరతాయి. ఇన్నిసార్లు వంగి లేచే శరీరం ఎలా వంగుతున్నదన్నది చిన్న విషయం కాదు.

రుకూతో మొదలుపెడదాం. వంగవలసింది నడుము దగ్గర కాదు, తుంటి కీలు దగ్గర. దైవప్రవక్త (స) రుకూలో తలను పైకెత్తేవారు కాదని, కిందికి వాల్చేవారూ కాదని, మధ్యస్థంగా ఉంచేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. వీపు సమంగా ఉన్నప్పుడు భారం తొడల వెనుక కండరాలకు, పిరుదుల కండరాలకు చేరుతుంది. మోకాళ్లను పట్టుకున్న చేతులు కూడా కొంత బరువు మోస్తాయి. తొందరపడే మనిషి చేతులు మోకాళ్లను తాకీ తాకకుండా ఉంటాయి. వీపు విల్లులా వంగి, పైశరీరం బరువంతా నడుము పూసల మీద, వాటి నడుమనున్న మెత్తని డిస్కుల ముందు భాగం మీద పడుతుంది.

2017లో అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ పరిశోధకులు నమాజు భంగిమలను కంప్యూటరులో మానవ నమూనాలు తయారుచేసి పరిశీలించారు. వాటిలో భారతీయ శరీర కొలతల నమూనాలూ ఉన్నాయి. నడుముపై అత్యధిక ఒత్తిడి రుకూలోనే పడుతుందని, మోకాళ్లను, వీపును సరైన కోణంలో ఉంచితే నడుం నొప్పి ఉన్నవారికి మేలు జరగవచ్చని వారు తేల్చారు. ఈ వార్త వాట్సాప్‌లో మన ఇళ్లకు వచ్చేసరికి "నమాజు నడుం నొప్పికి మందు" అయి కూర్చున్నది! వారు పరిశీలించింది నమూనాలను, రోగులను కాదు. పైగా మనం నమాజు చేసేది అల్లాహ్ ఆజ్ఞ కనుక. దానిని వ్యాయామపు చీటీగా మార్చడం నాకు నచ్చదు.

సజ్దాలో నుదురు ముక్కుతో సహా, రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు నేలను ఆనాలని హదీసు చెబుతుంది. బరువును ఇలా ఏడు అవయవాలు పంచుకున్నప్పుడు నడుము పూసలపై నిలువు భారం తగ్గుతుంది, వీపు కండరాలు సాగుతాయి. కటిభాగం ఛాతీకంటే ఎత్తుకు చేరడం వల్ల పొట్టలోని అవయవాల బరువు కటి అడుగునున్న కండరాల మీద నుండి కాసేపు తొలగిపోతుంది. పలు కాన్పులైన తల్లులు కొందరు సజ్దాలో పొత్తికడుపు తేలికైనట్లుంటుందని చెప్పడానికి కారణం ఇదే. అయితే పరుపు మరీ మెత్తగా ఉండరాదు. నుదురు నిలవదు, మోకాలు కుదురుకోదు. చాపమీద జానమాజు పరచి, మోకాళ్ల కింద మాత్రం మడత దుప్పటి వేసుకోవడం మంచిది.

స్త్రీలు కూర్చునే తీరు గురించి ఒక మాట. హనఫీ పద్ధతిలో స్త్రీలు రెండు పాదాలనూ కుడివైపుకు తీసి, ఎడమ పిరుదుపై బరువు వేసి కూర్చుంటారు. కటి ఎముక ఒకవైపుకు ఒరుగుతుంది, దానిని సరిచేయడానికి వెన్ను చివరి భాగం రెండోవైపుకు వంగుతుంది. తషహ్హుద్ చదివే ఆ కొద్ది నిమిషాలకు ఏ హానీ లేదు. కానీ సలాం తరువాత తస్బీహ్, ఆపైన ఖురాన్ పఠనం గంటసేపు అదే కూర్చుబాటులో సాగితే ఎడమ తుంటి మూలుగుతుంది. నమాజు ముగిశాక వైపు మార్చుకోండి, లేదా గోడకు ఆనుకోండి. గర్భవతులు నెలలు నిండేకొద్దీ సజ్దాలో మోకాళ్లను ఎడంగా ఉంచి పొట్టకు చోటివ్వాలి. కాన్పు తరువాత నిఫాస్ కాలంలో, గరిష్ఠంగా 40 రోజుల వరకు, నమాజు బాధ్యతే లేదు. వదులైన కటి కీళ్లు కుదుటపడే రోజులు కూడా అవే.

అన్నింటికంటే నన్ను ఆకట్టుకున్నది బుఖారీలో హజ్రత్ అబూ హుమైద్ సాఇదీ (ర) ఇచ్చిన వర్ణన. దైవప్రవక్త (స) రుకూ నుండి లేచి, ప్రతి వెన్నుపూస తన చోటికి చేరేదాకా నిటారుగా నిలిచేవారట. ఆయన వాడిన పదం సరిగ్గా వెన్నుపూసలకు చెందినదే. మన మసీదుల్లో రుకూ నుండి సజ్దాకు ఒకే ఊపులో దూకేవారిని చూసినప్పుడల్లా ఆ మాట గుర్తుకొస్తుంది. నడుము పట్టేసేది ఎక్కువగా ఆ దూకుడులోనే.

ఇక శరీరం మొరాయించినప్పటి సంగతి. మొలల వ్యాధితో బాధపడుతున్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) అడిగినప్పుడు, నిలబడి చదవమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చదవమని దైవప్రవక్త (స) చెప్పారు. అడిగినవారు సహాబీ! ఆయనకు లేని సిగ్గు మనకెందుకు? అలాగని నొప్పి కాస్త కనబడగానే కుర్చీ ఎక్కడమూ మేలు కాదు. వంచని మోకాలు మరింత బిగుసుకుంటుంది. సజ్దా చేయలేనివారు ఖియామ్ నిలబడే చేయాలా అన్నదానిపై పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. మీ పరిస్థితిని వివరించి ముఫ్తీ గారిని అడగండి. పాతబస్తీవారికి 1876 నాటి జామియా నిజామియా శిబ్లీగంజ్‌లోనే ఉంది కదా. కుర్చీ వాడేవారు సజ్దా సైగకు రుకూకంటే కాస్త ఎక్కువ వంగాలి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ అలా వంగినప్పుడు ముందుకు జారుతుంది. బరువైనది గోడకు ఆనించి వేసుకోండి.

నొప్పి నడుము నుండి మోకాలు దాటి పాదానికి పాకినా, కాలు మొద్దుబారినా, ఎముకలు గుల్లబారిన పెద్దవారికి వీపులో హఠాత్తుగా పోటు వచ్చినా వైద్యుని చూడండి. మూత్రం మీద అదుపు తప్పితే ఒక్క పూట కూడా ఆగరాదు.

ఖాలాను ఎముకల వైద్యుని వద్దకు తీసుకువెళ్లాము. వెన్ను బాగానే ఉంది, అరిగింది మోకాళ్లే. మగ్గం చట్రాన్ని ఎత్తుచేసి స్టూలుపై కూర్చుని పని చేయమన్నారు, తొడ కండరాలకు రెండు వ్యాయామాలు చెప్పారు. సజ్దా నుండి లేచేటప్పుడు చేతులు నేలకు ఊతగా పెట్టడం కారణమున్నవారికి తప్పు కాదని మసీదు ఇమాం గారు చెప్పాక ఆమె మనసు కుదుటపడింది. ఇప్పుడు ఫర్జ్ నమాజును నిదానంగా, పూర్తి రుకూతో నిలబడే చదువుతున్నారు. అలసిన రాత్రి నఫిల్ కూర్చుని చదువుకుంటున్నారు. కొడుకు కొనితెచ్చిన కుర్చీ గోడవారగా ఉంది. మొన్న వెళ్లినప్పుడు దానిమీద జరీ దారపు కండెలు పేర్చి ఉన్నాయి.