సృష్టికి ఎడమచేతివాటం!

అద్దం ముందు నిలబడి కుడిచెయ్యి ఎత్తితే లోపలి బొమ్మ ఎడమచెయ్యి ఎత్తుతుంది. అంతే తేడా. ప్రకృతి నియమాలూ అలాంటివేననీ, కుడిఎడమల్లో ఏ ఒక్కదాని మీదా వాటికి ప్రత్యేక అభిమానం ఉండదనీ 1956 దాకా భౌతికశాస్త్రవేత్తలు గట్టిగా నమ్మేవారు. గురుత్వాకర్షణకీ విద్యుదయస్కాంత బలానికీ ఆ మాట సరిపోతుంది కూడా. మరి, కోబాల్ట్‌-60 లాంటి రేడియోధార్మిక కేంద్రకాల నుంచి ఎలక్ట్రాన్లను బయటికి పంపే 'బలహీన బలం' సంగతో? దాన్ని అలా పరీక్షించిన దాఖలాల్లేవని అమెరికాలో ఉంటున్న చైనా శాస్త్రవేత్తలు లీ, యాంగ్‌ ఆ ఏడాది ఎత్తిచూపారు.

పరీక్షకు పూనుకున్నది చియెన్‌ షియుంగ్‌ వూ. కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసే ఆమె కూడా చైనాలో పుట్టినవారే. భర్తతో కలిసి ఐరోపాకీ, అక్కణ్నుంచి ఆసియాకీ వెళ్దామని ఓడలో టికెట్లు తీసుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత తూర్పుదేశాలను చూసే అవకాశం. అయినా, ఈ ప్రయోగం ఇంకెవరైనా ముందే చేసేస్తారేమోనని ఆమె ఆగిపోయారు. ఆయన ఒక్కరే ఓడెక్కారు!

వాషింగ్టన్‌లోని జాతీయ ప్రమాణాల సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి వూ కోబాల్ట్‌-60ని పరమశూన్యానికి, అంటే మైనస్‌ 273 డిగ్రీలకు, అతి దగ్గరగా చల్లబరిచారు. వేడిగా ఉంటే కేంద్రకాలు కుదురుగా నిలవవు మరి. అయస్కాంతక్షేత్రంతో వాటిని ఒకేవైపు తిరిగే బొంగరాల్లా నిలబెట్టారు. పాత నమ్మకం ప్రకారం ఎలక్ట్రాన్లు పైకీ కిందికీ సమానంగా రావాలి. కానీ ఒకవైపే ఎక్కువగా వచ్చాయి. క్షేత్రాన్ని తలకిందులు చేస్తే ఆ వైపూ మారింది. నిలువుగా తిరిగే బొంగరాన్ని ఓసారి అద్దంలో చూడండి. తిరిగే దిశ మారుతుంది, కిందివైపు మాత్రం కిందే ఉంటుంది. అంటే, అద్దంలో కనిపించే కోబాల్ట్‌ మన లోకంలో ఎక్కడా లేని కోబాల్ట్‌!

ఇలా జరగదని పౌలీ లాంటి ఉద్దండుడు పందేనికి సైతం సిద్ధపడ్డారు. కాయకపోబట్టి డబ్బు మిగిలింది. 1957 జనవరిలో ఫలితం వెల్లడైతే, అదే ఏడాది లీ, యాంగ్‌లకు నోబెల్‌ వచ్చింది. వూకి రాలేదు. ఆలోచనకు కట్టిన విలువ రుజువుకు కట్టలేదన్నమాట. భౌతికశాస్త్రంలో మొట్టమొదటి వుల్ఫ్‌ బహుమతి మాత్రం 1978లో ఆమెకే ఇచ్చారు.

1964లో కేయాన్‌ కణాల్లో ఇంకో తేడా బయటపడింది. పదార్థం, ప్రతిపదార్థం అచ్చంగా ఒకేలా ప్రవర్తించవని. మహావిస్ఫోటంలో సమానంగా పుట్టిన ఆ రెండూ ఒకదాన్నొకటి తుడిచిపెట్టుకుని వెలుగొక్కటే మిగలాల్సింది. సుమారు వంద కోట్లకు ఒకటి చొప్పున పదార్థం మిగిలింది కాబట్టే నక్షత్రాలూ, భూమీ, ఆదివారం పూట ఈ పేజీ చదివేవాళ్లూ. 2025లో సెర్న్‌ శాస్త్రవేత్తలు ప్రోటాన్ల కుటుంబానికి చెందిన బేరియాన్లలోనూ అలాంటి తేడాను పట్టుకున్నారు. ఇప్పటిదాకా దొరికినవన్నీ కూడినా ఆ మిగులు లెక్కకి చాలడం లేదు.