బడి గుట్టు చెప్పే పేజీ ఒకటుంది, ఫీజు కట్టే ముందు తెరవండి

ఎండాకాలం సెలవులొచ్చేసరికి మా గాజువాక, కూర్మన్నపాలెం రోడ్ల మీద కరెంటు స్తంభాలు కనపడవు. అన్నీ స్కూళ్ల ఫ్లెక్సీలే. ఫలానా గుంటకి 590 మార్కులు, ఫలానా గుంటడికి ఐఐటీ సీటు, ఏసీ గదులు, డిజిటల్ బోర్డులు. స్టీలు ప్లాంటు కాంట్రాక్టు కార్మికుడు, పోర్టు కలాసీ, పరవాడ రైతు, అందరూ ఆ ఫ్లెక్సీ చూసే అప్పు చేసి ఫీజు కడతన్నారు. ఎద్దుని కొనేటప్పుడు పళ్లు లెక్కెడతాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. పిల్లని బళ్లో వేసేటప్పుడు మాత్రం బొమ్మ చూసి నమ్మేస్తన్నాం.

చూడ్డానికి దారి నేక కాదు. సీబీఎస్‌ఈ బడి ఏదైనా తన వెబ్‌సైట్లో కొన్ని వివరాలు అందరికీ కనపడేలా పెట్టి తీరాల. 2018 అఫిలియేషన్ నిబంధనల్లోనే ఇది ఉంది. 2021లో బోర్డు మళ్లీ సర్క్యులర్ ఇచ్చి, ఏయే వివరాలు పెట్టాలో ఒక నమూనా కూడా పంపింది. దాని పేరు ‘మ్యాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్’. చాలా బడుల సైట్లలో ఇది ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాది. ర్యాంకుల ఫొటోలు పైన, ఈ లింకు కింద.

అందులో ఏటుంటాది? బడి అఫిలియేషన్ నంబరు, దాన్ని నడిపే సొసైటీ లేక ట్రస్టు రిజిస్ట్రేషన్, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఎన్‌ఓసీ, విద్యాహక్కు చట్టం కింద గుర్తింపు, బిల్డింగు సేఫ్టీ, ఫైర్ సేఫ్టీ, మంచినీళ్లు-పారిశుధ్యం సర్టిఫికెట్లు. ఇవన్నీ కాపీలతో సహా పెట్టాల. ఫీజుల పట్టిక, మూడేళ్ల ఫలితాలు, మేనేజ్‌మెంట్ కమిటీ, తల్లిదండ్రుల-టీచర్ల సంఘం సభ్యుల పేర్లు, మేష్టార్లు ఎంతమంది, తరగతి గదులెన్ని, వాటి కొలతలెంత, ఆడపిల్లల మరుగుదొడ్లెన్ని, ఇవీ ఉండాల. ఆఖరికి బడి తనిఖీ వీడియో లింకు కూడా.

ఇదంతా ఆఫీసు లాంఛనం అనుకోకండి. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక బడికి నిప్పంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. వంటింటి మంట ఆకుల పైకప్పుకి ఎక్కింది. ఆ ఘోరం మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పిచ్చింది. చదువు హక్కంటే క్షేమంగా ఉండే బళ్లో చదువుకునే హక్కు కూడా అని తేల్చింది. ఫైర్ సర్టిఫికెట్ అనే కాయితం వెనకాల ఆ 94 ప్రాణాలున్నాయి.

కాయితం విలువ విశాఖోళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లారుజామున ఎల్జీ పాలిమర్స్ గ్యాసు లీకై ఆర్ఆర్ వెంకటాపురం ఊరు రోడ్డు మీద పడిపోయింది. 12 మంది పోయారు. తర్వాత బయటపడిందేటంటే, తన ఉత్పత్తికి సరైన పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్ రాసిచ్చింది. అది ఆఫీసు ఫైల్లో ఉంది, ఊళ్లో లేదు. ఆ ఒక్క కాయితం 2019లోనే ఊరి రామాలయం గోడకి అంటించుంటే, జనం ఊరుకునేవోరా? ప్రమాదం జరిగాక కాయితం బయటికి రావడం వేరు, జరక్కముందే జనం చేతిలో ఉండడం వేరు. బడి వివరాలు ముందే పెట్టమన్నది ఈ రెండోదాని కోసమే.

మరి పెడతన్నారా? పెడతన్నారు, చదవలేనట్టు. ఈ మూడు, నాలుగేళ్లలో మా పక్క తల్లిదండ్రులతో కూచుని చాలా సైట్లు తెరిచాను. ఒక దాంట్లో ఫైర్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఒక దాంట్లో ఫీజుల పట్టిక నొక్కితే ‘ఆఫీసులో సంప్రదించండి’ అని వస్తాది. ఇంకో దాంట్లో స్కాన్ ఎంత మసకంటే, తేదీ ఎక్కడుందో భూతద్దం పెట్టినా తెలీదు. పైగా అంతా ఇంగ్లీషులో. ఫీజు కట్టే అమ్మకి తెలుగొచ్చు, లెక్కొచ్చు, ఆ పీడీఎఫ్ మాత్రం రాదు. రూలు పాటించినట్టూ ఉంటాది, గుట్టు దాచినట్టూ ఉంటాది.

అందుకే ఈ పని మీది, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ఫోను మీ చేతిలో ఉంది. నాలుగు సంగతులు చూడండి చాలు.

ఒకటి, అఫిలియేషన్ నంబరు. బోర్డు మీద ‘సీబీఎస్‌ఈ ప్యాట్రన్’ అని రాసుకున్నంత మాత్రాన సీబీఎస్‌ఈ బడి అయిపోదు. సీబీఎస్‌ఈ వారి ‘సరస్’ పోర్టల్లో ఆ నంబరు కొట్టి చూడండి. పేరూ, ఊరూ కలవాల.

రెండు, తేదీలు. సర్టిఫికెట్ ఉందా అని కాదు, ఈ రోజుకి చెల్లుతాదా అని చూడాల. ఏ బిల్డింగుకి ఇచ్చారో ఆ చిరునామా కూడా చూడండి. ఒక బ్రాంచి కాయితం ఇంకో బ్రాంచికి పనికిరాదు.

మూడు, మేష్టార్ల లెక్క. సీబీఎస్‌ఈ ప్రకారం సెక్షనుకి ఒకటిన్నర మంది టీచర్లుండాల. అంటే 20 సెక్షన్లుంటే 30 మంది. వీళ్లు కాక స్పెషల్ ఎడ్యుకేటరు, కౌన్సిలరు. పేజీలో 30 అని రాసి బళ్లో 18 మందే ఉంటే మీ ఇంటి గుంటే మీకు చెప్తాది.

నాలుగు, ఫీజు. పట్టికలో ఉన్నదెంత, రసీదులో రాసిందెంత, చేతికి తీసుకున్నదెంత. మూడూ పక్కపక్కన పెట్టండి. క్యాపిటేషన్ ఫీజు తీసుకుంటే ఆ సొమ్ముకి పది రెట్ల దాకా జరిమానా వెయ్యొచ్చని విద్యాహక్కు చట్టం 13వ సెక్షను చెప్తంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మన పల్లెల పిల్లలు ఎక్కువమంది చదివేది సీబీఎస్‌ఈలో కాదు, స్టేట్ సిలబస్ ప్రైవేటు బళ్లలో. సీబీఎస్‌ఈ పెట్టిన ఈ రూలు వాటికి వర్తించదు. కేంద్రం నడిపే యూడైస్ ప్లస్‌లో ప్రతి బడికీ 11 అంకెల కోడుంటాది. దాంతో గదులు, మరుగుదొడ్లు, టీచర్ల సంఖ్య చూడొచ్చు. కానీ అది బడి తన గురించి తాను చెప్పుకున్న లెక్క. ఫైర్ సర్టిఫికెట్ కాపీ, ఈ ఏడాది ఫీజుల పట్టిక అందులో దొరకవు. మన రాష్ట్రంలో ఫీజుల మీద నిఘాకి 2019లో చట్టం చేసి కమిషన్ పెట్టారు. 2021 ఆగస్టులో జీవో 53తో పంచాయతీల్లో ప్రైమరీకి 10 వేలు, కార్పొరేషన్లో హైస్కూలుకి 18 వేలు అని గీత గీశారు. ఆ డిసెంబరులోనే హైకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వాలు గీతలు గీస్తాయి, యాజమాన్యాలు కోర్టుకెళ్తాయి, మధ్యలో తల్లిదండ్రులకి ఒక్క కాయితమూ చేతికి రాదు.

‘మాది ప్రైవేటు, మా కాయితాలు మీకెందుకు’ అంటారు కొందరు. బడి కిరాణా కొట్టు కాదు. 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది మన ఆంధ్రప్రదేశ్ మీద నడిచిన ఉన్నికృష్ణన్ కేసులోనే. 2002 టీఎంఏ పాయ్ తీర్పు ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ యాజమాన్యాలకి ఇచ్చింది గానీ, చదువుతో లాభాల వ్యాపారం చెయ్యొద్దనీ అంది. స్వేచ్ఛ కావాలంటే లెక్క చూపించాల.

సైట్లో లేకపోతే ఆర్టీఐ ఉంది. ప్రైవేటు బడి నేరుగా జవాబివ్వకపోయినా, దాని ఫైలు విద్యాశాఖ దగ్గరుంటాది. చట్టప్రకారం ప్రభుత్వ ఆఫీసు రాబట్టగలిగిన ప్రైవేటు సంస్థ సమాచారం కూడా మనం అడగొచ్చు. మండలంలో ఎంఈవో ఆఫీసుకి తెలుగులోనే రాయండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, దారిద్ర్యరేఖకి దిగువనున్నోళ్లకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాల. గుర్తింపు ఎప్పటిదాకా ఉంది, ఫైర్ ఎన్‌ఓసీ ఉందా, ఆఖరి తనిఖీ ఎప్పుడు జరిగింది. ఈ మూడు ప్రశ్నలు చాలు.

నేనడిగేది చిన్నది. సీబీఎస్‌ఈ బడి పెడతన్న ఆ పేజీనే స్టేట్ సిలబస్ బడి కూడా పెట్టాల. తెలుగులో పెట్టాల. అదే కాయితం బడి గేటు పక్కన గోడకీ, ఊరి సచివాలయం బోర్డుకీ అంటించాల. దీనికి ప్రభుత్వానికి కోట్లు ఖర్చవ్వవు, ఒక్క ఉత్తర్వు చాలు.

జూన్ 12న బళ్లు తెరుస్తారు. ఆలోగా ప్రతి ఊళ్లో నలుగురు కూచుని, తమ పిల్లలెళ్లే బడుల కాయితాలు తీసి, పెద్దోళ్లకి తెలుగులో చదివి వినిపించండి. కాయితం దొరకని బడి పేరు రాసి ఎంఈవోకి దరఖాస్తు పెట్టండి.