తలుపు తెరిచారు, తూకం సరిచేశారా?

ఒక కబురు మన చెవిన పడినప్పుడు దానిని తెచ్చినవారెవరని అడగడం మన పెద్దలు మనకు నేర్పిన పద్ధతి. హదీసు పాఠంలో విద్యార్థి మొట్టమొదట నేర్చుకునేది ఉల్లేఖకుల పరంపరను పరిశీలించడమే. చెప్పినవారెవరు, వారు ఎవరి నోట విన్నారు, సంఘటనకు వారు ఎంత దగ్గరగా ఉన్నారు అన్న ప్రశ్నలు తేలిన తరువాతనే ఆ మాటకు విలువ కడతారు. కాని ప్రతి ఉదయం మన గుమ్మంలో పడే వార్తాపత్రిక విషయంలో, ప్రతి సాయంత్రం మన ఇళ్లలో మోగే టీవీ విషయంలో ఈ పరిశీలన మనం చేయడం లేదు. ఈ వార్త రాసినవారెవరు? ఆ రాసేవారిని ఎంచినవారెవరు? వారికి ముడుతున్న జీతమెంత? ఈ నెల ఈ మూడు ప్రశ్నలను పాఠకుల ముందు ఉంచదలిచాము. మూడవది మొదటి రెండింటితో సంబంధం లేనిదిగా కనిపించవచ్చు. నిజానికి మొదటి రెండింటి జవాబు చాలావరకు అందులోనే ఉన్నది.

ఇందుకు అమెరికాలోని లాస్ ఏంజిలిస్ టైమ్స్ పత్రిక చరిత్ర చక్కని ఉదాహరణ. 1965 ఆగస్టులో ఆ నగరంలోని వాట్స్ అనే ప్రాంతంలో పెద్ద అల్లర్లు చెలరేగాయి. అక్కడ నివసించేవారిలో అత్యధికులు నల్లజాతివారు. ఆ అల్లర్లలో 34 మంది మరణించారు. అంతటి నగరానికి పెద్దదిక్కుగా పేరొందిన ఆ పత్రికలో ఆనాడు నల్లజాతి రిపోర్టరు ఒక్కడు కూడా లేడు. తెల్లజాతి రిపోర్టర్లు ఆ వీధులలో తిరగడం ప్రమాదంగా మారింది. అప్పుడు పత్రిక ప్రకటనల విభాగంలో చిన్న ఉద్యోగం చేస్తున్న రాబర్ట్ రిచర్డ్‌సన్ అనే 24 ఏళ్ల నల్లజాతి యువకుడు నేను వెళతానని ముందుకు వచ్చాడు. మంటల నడుమ తిరుగుతూ, వీధి ఫోన్ల నుండి తాను చూసినది చూసినట్లు కార్యాలయానికి చెప్పాడు. ఆ అల్లర్ల వార్తలకు 1966లో పత్రికకు పులిట్జర్ బహుమానం లభించింది. రిచర్డ్‌సన్‌ను రిపోర్టరు శిక్షణలోకి తీసుకున్నారు గాని, ఆ ఉద్యోగంలో ఆయన ఎక్కువ కాలం నిలువలేదు.

ఈ ఉదంతంలో మనం గమనించవలసినది ఒకటున్నది. ఆ యువకునికి తలుపు తెరిచినది అవసరం. అవసరం తీరిన తరువాత అతడు ఆ వృత్తిలో స్థిరపడడానికి ఏమి కావాలన్న ఆలోచన వెనుకబడిపోయింది. ఆ తరువాతి అరవై సంవత్సరాల కథ చాలావరకు ఈ లోపం చుట్టూనే తిరిగింది.

1967 వేసవిలో నెవార్క్, డెట్రాయిట్ వంటి నగరాలలోనూ అల్లర్లు జరిగాయి. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కారణాలు తేల్చడానికి ఇల్లినాయ్ గవర్నరు ఆటో కెర్నర్ అధ్యక్షతన పదకొండు మంది సభ్యుల సంఘాన్ని నియమించారు. 1968లో వెలువడిన ఆ సంఘం నివేదికలో వార్తా మాధ్యమాల కోసమే ఒక అధ్యాయం ఉన్నది. వార్తా విభాగాలలో పనిచేసేవారిలో నల్లజాతివారు 5 శాతం కూడా లేరని, సంపాదక బాధ్యతలలో ఒక శాతం కూడా లేరని, ఆ కొద్దిమందిలోనూ అనేకులు నల్లజాతివారి సొంత పత్రికలలోనే ఉన్నారని అది లెక్క తేల్చింది. పత్రికలు లోకాన్ని తెల్లజాతివారి కిటికీ నుండి మాత్రమే చూసి చూపుతున్నాయన్నది దాని తీర్పు.

పదేళ్ల తరువాత, 1978లో, అక్కడి పత్రికా సంపాదకుల సంఘం ఒక లక్ష్యం పెట్టుకున్నది. 2000 సంవత్సరం నాటికి దేశ జనాభాలో శ్వేతజాతేతరుల వాటా ఎంతో, దినపత్రికల వార్తా విభాగాలలోనూ అంత ఉండాలన్నది ఆ లక్ష్యం. అప్పటికి ఆ వాటా దాదాపు 4 శాతం. ఏటేటా లెక్క తీసి ప్రకటించడం మొదలుపెట్టారు. 2000 నాటికి అది 12 శాతానికి చేరువైంది. మూడింతలు కావడం చిన్న మాట కాదు, అయినా లక్ష్యం అందలేదు. అందదని ముందే గ్రహించి, 1998లోనే గడువును 2025కు జరిపారు. కాలక్రమంలో ఆ లెక్కకు స్పందించే పత్రికలు తగ్గిపోయాయి. 2018లో అడిగిన పత్రికలలో 17 శాతమే వివరాలు పంపాయి. ఆ సంఘం మరొక సంఘంతో కలిసి కొత్త పేరుతో సాగినా, 2024లో అదీ మూతపడింది. గడువు సంవత్సరం వచ్చేనాటికి గడువు పెట్టినవారే లేకపోయారు.

లెక్క చూసిన కాలంలో కొంత మార్పు వచ్చిందన్న సత్యాన్ని మనం ఒప్పుకోవాలి. కాని ఆ లెక్క తలలను మాత్రమే చూసింది. లోపలికి వచ్చినవారి జీతాల పట్టికను అది చూడలేదు.

మళ్లీ లాస్ ఏంజిలిస్ టైమ్స్ దగ్గరకే వద్దాము. వాట్స్ అల్లర్ల తరువాత దాదాపు ఇరవై ఏళ్లకు, 1984లో, శ్వేతజాతేతర యువతీయువకులను పాత్రికేయులుగా తీర్చిదిద్దేందుకు ప్రత్యేక శిక్షణ పథకం మొదలైంది. అనేకులు ఆ దారిన వృత్తిలోకి వచ్చారు. 2018 జనవరిలో ఆ పత్రిక ఉద్యోగులు యూనియన్‌కు ఓటు వేశారు. అటుపిమ్మట యూనియన్ జీతాల వివరాలను పరిశీలించగా, మహిళలకు, శ్వేతజాతేతరులకు తక్కువ ముడుతున్నదని తేలింది. అదే ఫిర్యాదుతో ఉద్యోగులు వేసిన దావాలో రాజీ కుదిరి, 2020లో యాజమాన్యం 30 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. తలుపు తెరిచిన ఇంటిలోనే తూకం తేడాగా ఉన్నదన్న మాట.

ఈ తేడా ఎక్కడ పుడుతుంది? ఎవరో ఒకరు కూర్చొని ఫలానా జాతివారికి తక్కువ ఇవ్వాలని రాసిపెట్టుకోనక్కరలేదు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఒకే పనికి ఇద్దరు చేరారనుకుందాము. ఒకరికి నెలకు 25,000, మరొకరికి 20,000. ఏటా ఇద్దరికీ సమానంగా 10 శాతం పెంచారు. ఎక్కడా పక్షపాతం లేనట్లే కనిపిస్తుంది. పదేళ్లకు మొదటివారి జీతం 64,800 దాటుతుంది, రెండవవారిది 51,900 లోపే ఉంటుంది. ఐదు వేల తేడా పదమూడు వేలకు చేరువవుతుంది. తొలినాటి తూకం దోషం ఏటేటా తనంతట తానే పెరుగుతుంది.

మరి తొలినాడు తక్కువకు ఒప్పుకునేది ఎవరు? వెనుక ఆస్తి లేనివారు. ఆ వృత్తిలో బంధువులు లేక, అక్కడ ఎంత ఇస్తారో అడిగి తెలుసుకోలేనివారు. ఇంతకు ముందు నీ జీతమెంత అని అడిగితే, ఉన్న చిన్న అంకెను చెప్పి దానిపై కొంత పెంపుతో తృప్తిపడేవారు. జీతాల మాట బయట చెప్పుకోరాదన్న కట్టుబాటు ఈ తేడాకు కాపలా కాస్తుంది. ఆ పత్రిక ఉన్న కాలిఫోర్నియా రాష్ట్రం ఇక్కడే చట్టం చేసింది. ఒకే తరహా పనికి జాతిని బట్టి వేతనం తగ్గించరాదన్న నియమం 2017 నుండి, ఉద్యోగార్థిని పాత జీతం అడగరాదన్న నియమం 2018 నుండి అమలులోకి వచ్చాయి. పదిహేనుగురు, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుండి ఎంత వరకో తెలపాలన్న నియమం 2023లో వచ్చింది. ఈ మూడూ జీతం మీద కప్పిన ముసుగును తొలగించేవే.

ఇంకొక గండం మిగిలే ఉన్నది. 2024 జనవరిలో నష్టాల పేరుతో ఆ పత్రిక వార్తా విభాగంలో కనీసం 115 మందిని తొలగించింది. వారిలో శ్వేతజాతేతరులైన యువ పాత్రికేయులు ఎక్కువగా ఉన్నారు. ఆలస్యంగా లోపలికి వచ్చినవారు ముందుగా బయటకు వెళ్లారు. చేరిక, వేతనం, నిలకడ అనే మూడింటిలో ఒకటి తప్పినా మిగిలిన రెండూ నిలువవని ఈ చరిత్ర చెబుతున్నది.

ఇది పరాయి దేశపు ముచ్చట అని పక్కన పెట్టలేము. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక తరఫున ఢిల్లీలో పనిచేసిన కెనెత్ కూపర్ అనే నల్లజాతి పాత్రికేయుడు, తాను మాట్లాడడానికి ఒక దళిత పాత్రికేయుని చూపమని మన దేశపు సీనియర్ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్‌ను అడిగారు. ఉనియాల్ ఎంత వెదకినా ఒక్కరూ దొరకలేదు. ఆ సంగతిని ఆయన 1996లో పయొనీర్ పత్రికలో రాశారు. 2006లో ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లీషు మాధ్యమ సంస్థలలో కీలక నిర్ణయాలు తీసుకునే 315 మందిని పరిశీలించగా, వారిలో దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. జనాభాలో 13 శాతం పైగా ఉన్న ముస్లింలు అక్కడ 3 శాతమే. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ సంస్థలు కలిసి చేసిన పరిశీలనలో వార్తా సంస్థల నాయకత్వ స్థానాలు 121 ఉండగా, అందులో 106 అగ్రవర్ణాలవారివేనని తేలింది. మన దేశంలో ఇలా తలల లెక్కయినా ఎప్పుడో ఒకసారి బయటి వ్యక్తులు తీస్తున్నారు. జీతాల లెక్క ఇంకా మూతపెట్టిన పుస్తకమే.

మన తెలుగు మండలాలలో వార్తలు పంపే కంట్రిబ్యూటరు సంగతి పాఠకులకు తెలియనిది కాదు. అచ్చయిన వార్త పొడవును బట్టి లైన్ అకౌంట్ పేరుతో ఆయనకు ముట్టేది పెట్రోలుకైనా చాలదు. ప్రకటనలు సేకరిస్తే వచ్చే కమీషన్‌తో ఇల్లు గడవాలి. పొలమో, వ్యాపారమో ఉన్నవారు ఆ పని చేయగలరు. రోజు కూలితో బతికే ఇంటి బిడ్డకు, తెల్లవారగానే టైర్ల దుకాణం తెరవవలసిన ఇంటి బిడ్డకు ఎంత చక్కని కలం ఉన్నా, అది సాధ్యమయ్యే పని కాదు. అందువల్ల ఆ వాడల కథను ఇంకొక వాడవారే రాస్తారు. తరువాత ఆ కథ తప్పుగా వచ్చిందని మనం బాధపడతాము. ఆ బాధకు మూలం చాలాసార్లు ఆ చాలని కూలిలోనే ఉంటుంది.

మరి మన ఇళ్లలో చేయదగినదేమిటి? కుమార్తె గాని కుమారుడు గాని పత్రికా రంగం, టీవీ, ప్రజాసంబంధాల వృత్తి కోరుకుంటే, అది మనకు అందని చోటని నిరుత్సాహపరచకండి. అలాగని గుడ్డిగా పంపకండి. చేరే ముందు జీతం, పనివేళలు, పని స్వభావం కాగితం మీద రాయించుకోమనండి. అదే పని చేస్తున్న ఇద్దరు ముగ్గురిని కలిసి వారికి ఎంత వస్తున్నదో మర్యాదగా అడిగి తెలుసుకోమనండి. జీతం చెప్పుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు, తోటివారికి అది దారిదీపం. జీతం లేని శిక్షణ కాలంలో నగరంలో ఉండవలసి వస్తే, ఆ నాలుగు నెలల గది అద్దెను, భోజనపు ఖర్చును బస్తీలోని కలిగినవారు పంచుకోవచ్చు. చదువు ఫీజుకు చేయి అందించే మనం ఉద్యోగపు తొలి మెట్టు దగ్గర చేయి వదిలేస్తున్నాము.

చివరిగా ఒక మాట మన సంస్థలకు. సమాజసేవ పేరుతో నడిచే పత్రికలు, ప్రచురణాలయాలు, యూట్యూబ్ చానళ్లు మనకూ ఉన్నాయి. వాటిలో ప్రూఫులు దిద్దే అమ్మాయికి, అనువాదం చేసే అబ్బాయికి, వీడియో కూర్చే కుర్రవాడికి ఏమి ఇస్తున్నాము? పుణ్యం వస్తుందని చెప్పి కూలి తగ్గించే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు. శ్రామికుని వేతనాన్ని ఆలస్యం చేయకుండా చెల్లించమన్నది, కొలతలో తూకంలో తగ్గించవద్దన్నది మనం పిల్లలకు నేర్పే పాఠమే. ఇతరుల కార్యాలయాలలో మనవారికి చోటు లేదని ప్రశ్నించే ముందు, మన కార్యాలయంలో ఒకే పని చేసే ఇద్దరి జీతాలను ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూద్దాము. తేడా ఉంటే దానికి కారణం చెప్పగలగాలి. చెప్పలేకపోతే వచ్చే నెల జీతంలోనే దానిని సరిచేద్దాము.